పనితనానికి ధర చెప్పే హక్కు

చిన్న వ్యాపారికి ఈ దేశంలో దేనికి కొరత ఉన్నా ఉపదేశాలకు మాత్రం లేదు. పట్టుదల ఉంటే చాలు, పైకి వస్తావంటారు. ఓటమే గెలుపుకు తొలిమెట్టు అంటారు. నైపుణ్యం పెంచుకో, ఉద్యోగం అడిగేవాడిగా కాక ఉద్యోగం ఇచ్చేవాడిగా ఎదుగు అంటారు. అంబేద్కర్ జయంతి సభల్లో మంత్రులు, బ్యాంకు అధికారులు, వ్యక్తిత్వ వికాస నిపుణులు దళిత, వెనుకబడిన కులాల యువతకు ఏటా ఈ మాటలే చెబుతున్నారు. వీటిలో అబద్ధం లేదు గాని, ఉన్నది సగం నిజమే. మిగతా సగం చెప్పకపోవడం వల్ల, దుకాణం మూతపడిన ప్రతిసారీ దోషం దుకాణదారుడి మనసులోనే ఉన్నట్టు తేలుతుంది. అతనికి ప్రేరణ చాలలేదు, నైపుణ్యం చాలలేదు అన్న తీర్పుతో విచారణ ముగిసిపోతుంది.

నేను మాదిగ కుటుంబంలో పుట్టి, ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, హైదరాబాద్ శివారులో ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే చిన్న వర్క్‌షాపును పదిహేనేళ్లకు పైగా నడుపుతున్నవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకుని సొంతంగా షాపు పెట్టిన కుర్రవాళ్లలో కొందరు నిలదొక్కుకున్నారు, కొందరు మళ్లీ కూలికి పోయారు. రెండో కోవకు చెందినవాళ్లు మొదటి కోవకన్నా సోమరులూ కారు, పని రానివాళ్లూ కారు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో ఏళ్ల తరబడి చూసిన మీదట నాకు తేలింది ఇది: కులం మా చేతి నుంచి పనిని లాక్కోలేదు. పనికి ధర చెప్పే హక్కును, ఆ ధరను సకాలంలో రాబట్టుకునే బలాన్ని లాక్కుంది. ఆ రెండూ తిరిగి రానంతవరకు ప్రేరణ ఉపన్యాసాలు, నైపుణ్య ధ్రువపత్రాలు ఎన్ని ఇచ్చినా ఆ కుర్రవాళ్లు నిలబడలేరు.

ఈ చర్చకు తెలుగు నేలతో పాత సంబంధమే ఉంది. వాణిజ్య శాస్త్ర విద్యార్థులు తమ పాఠ్యపుస్తకాల్లో ‘కాకినాడ ప్రయోగం’ గురించి చదివే ఉంటారు. ఏదో ఒకటి సాధించి తీరాలన్న కాంక్షే ఆర్థికాభివృద్ధికి మూలమని 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే గ్రంథంలో వాదించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్, ఆ కాంక్షను శిక్షణ ద్వారా పెంచవచ్చునా అన్నది తేల్చుకోవడానికి ఎన్నుకున్న పట్టణాల్లో కాకినాడ ఒకటి. 1964 ప్రాంతంలో అక్కడి చిన్న వ్యాపారులను యాభై మందికి పైగా హైదరాబాద్‌కు రప్పించి, సియెట్‌గా పేరుపడిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో ప్రేరణ పాఠాలు చెప్పారు. బొమ్మలు చూపి కథలు రాయించారు, లక్ష్యాలు పెట్టుకోవడం అలవాటు చేశారు. యూసుఫ్‌గూడలో ఈనాడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉన్నది ఆ సియెట్టే. శిక్షణ పొందినవాళ్లు తర్వాతి కాలంలో ఎక్కువ గంటలు పనిచేశారని, కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకం వెలువరించారు. ఆ ప్రయోగం నుంచి మన పాఠ్యపుస్తకాలు ఏరుకున్న ముగింపు ఒకటుంది. కులం గాని, సంప్రదాయ విశ్వాసాలు గాని వ్యాపారి ప్రవర్తనకు అడ్డు కాలేదన్నది ఆ ముగింపు.

ఈ వాక్యాన్ని దశాబ్దాలుగా పరీక్షల్లో రాస్తున్నారు. ఆ శిక్షణ ఎవరికి ఇచ్చారన్న ప్రశ్న మాత్రం పరీక్షల్లో రాదు. అప్పటికే దుకాణమో మిల్లో ఉండి, బజారులో మాట చెల్లుబాటు అవుతున్నవాళ్లకు ఇచ్చారు. అప్పటికే నీళ్లలో ఉన్నవాళ్లకు ఈత మెళకువలు నేర్పి, వాళ్లు వేగంగా ఈదారని నిరూపించడం సాధ్యమే. చెరువు గట్టు మీదికే రానివ్వని వాళ్ల గురించి ఆ నిరూపణ ఏమీ చెప్పదు. బజారు లోపల ఉన్నవాడికి కులం అడ్డు రాకపోవచ్చు. బజారులోకి ఎవరు అడుగుపెట్టగలరన్న నిర్ణయం దగ్గరే కులం తన పని ముగించుకుంది. ప్రేరణ శిక్షణ మీద నాకు ద్వేషం లేదు. దాని ఫలితాన్ని కులం లేదనడానికి సాక్ష్యంగా వాడుకోవడమే నా అభ్యంతరం.

కాకినాడ బజారు వెనుక ఏముందో కూడా గుర్తుచేసుకోవాలి. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పూర్తయింది. 1855లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట వచ్చింది. కాలువ నీళ్లు పారిన పొలాల్లో మిగులు పుట్టింది. ఆ మిగులు వడ్ల మిల్లులైంది, సినిమా హాళ్లైంది, కాంట్రాక్టులైంది, ఆ తర్వాత కర్మాగారాలైంది. కోస్తా రైతు కుటుంబాలు పెట్టుబడిదారులుగా ఎదిగిన ఈ క్రమాన్ని 1980లలోనే పరిశోధకురాలు కెరోల్ ఉపాధ్య సవివరంగా చూపించారు. ఆ పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసిన మాల మాదిగల చేతికి అందినది కూలి మాత్రమే, మిగులు కాదు. తెలంగాణలోనూ కథ ఇంతే. 1918లో హైదరాబాద్‌లో వెలిసిన రెడ్డి హాస్టల్ వంటి సంస్థలు పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి బసతోపాటు జీవితాంతం పనికివచ్చే పరిచయాలను ఇచ్చాయి. అది తప్పని నేననను. ఈనాడు సొంత కష్టంతో పైకొచ్చామని చెప్పుకునేవాళ్లు సైతం ఒంటరిగా రాలేదని మాత్రమే గుర్తుచేస్తున్నాను. వాళ్లకు భూమి ఉంది, బంధుబలం ఉంది, పట్నంలో దిగడానికి ఒక గది ఉంది. ఇవన్నీ ఉన్నవాడి పట్టుదలకు ఫలం త్వరగా దక్కింది. ఫలం దక్కింది కనుక పట్టుదల పెరిగింది.

లెక్కలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. 2015–16లో జరిగిన జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం దేశంలోని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 12.45 శాతం. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. ఈ తేడా పెద్దదేమీ కాదని ఎవరికైనా అనిపించవచ్చు. అందుకని అవే లెక్కలను సంస్థల పరిమాణం వారీగా విడదీసి చూడాలి. సూక్ష్మ సంస్థల్లో 12.48 శాతంగా ఉన్న ఎస్సీల వాటా చిన్న సంస్థల దగ్గరికి వచ్చేసరికి 5.50 శాతానికి పడిపోతుంది. మధ్యతరహా సంస్థల్లో అది సున్నా. అంటే దళితుడు దుకాణం పెట్టగలుగుతున్నాడు, పెంచలేకపోతున్నాడు. సాహసం లేకపోతే పెట్టేవాడే కాదు. పెట్టిన తర్వాత ఎదగనివ్వనిదేదో ఉంది. దాన్ని వెతకాలి.

నైపుణ్యం లేకపోవడమే ఆ కారణమంటే మా తాతలు నవ్వుతారు. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక రాల్చి, తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనడం ఏ కళాశాలలోనూ నేర్చుకున్న విద్య కాదు. ఎన్నాళ్లు నానాలో, రంగు ఏ తీరున తిరిగితే తోలు పండినట్టో చేతికీ ముక్కుకూ తెలియాలి. బావి లోతును బట్టి మోటకు బొక్కెన కుట్టడం, దుక్కిటెద్దులకు పట్టెడలు చేయడం, డప్పుకు తోలు బిగించి నిప్పుసెగన కాచి శ్రుతి రప్పించడం మా ఇళ్లలో నడిచిన సాంకేతిక విద్యలు. మాల, నేతకాని కుటుంబాలు నేసిన ముతక బట్టే ఒకనాడు పల్లె కూలీల ఒంటిని కప్పింది. మంగలి, చాకలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, ఎవరి పనిని తీసుకున్నా అందులో తరాల పరిశోధన ఉంది.

వీళ్లందరి పనిలో లేనిది ఒక్కటే. తమ పని విలువ ఇంత అని చెప్పే అధికారం. కల్లం దగ్గర ఏడాదికి ఒకసారి మేర కొలిచేది ఆసామి. ఎన్ని మానికలు పోయాలన్నది అతని ఇష్టం. ఈ చెప్పుల జతకు ఇంత, ఈ బొక్కెనకు ఇంత అని మా తాత నోటితో అడిగిన సందర్భం మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అడగడమే పొగరు. ఇచ్చింది పుచ్చుకోవడం మర్యాద. పని చేసేవాడిని ధర నిర్ణయానికి దూరంగా ఉంచడం కుల వ్యవస్థలోని ఆర్థిక రహస్యం. కులమంటే పనుల విభజనే కదా అని సమర్థించేవాళ్లకు అంబేద్కర్ 1936లోనే జవాబు చెప్పాడు. అది పనిచేసే మనుషులను మెట్లుగా విడగొట్టిన ఏర్పాటని ఆయన చూపాడు. ఆ మెట్లలో పై మెట్టు మీదివాడు ధర చెబుతాడు, కింది మెట్టు మీదివాడు తల ఊపుతాడు. మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. మేర పోయి కొటేషన్లు వచ్చాయి. తల ఊపే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

దీన్ని నా వృత్తిలోని ఒక మామూలు లెక్కతో వివరిస్తాను. ఒక ఇంటి గేటుకు 12,000 రూపాయలకు మాట కుదిరిందనుకుందాం. ఎనభై కిలోల ఇనుము, కిలో 65 రూపాయల చొప్పున 5,200. వెల్డింగ్ రాడ్లు, కటింగ్ చక్రాలు, రంగు కలిపి 900. కరెంటు 200. హెల్పరుకు రెండు రోజుల కూలి 1,400. సరుకు రవాణాకు ఆటో 500. షాపు అద్దెలో ఈ పని వంతు 600. మొత్తం 8,800. చేతిలో మిగిలేది 3,200. కొత్తగా షాపు పెట్టిన కుర్రవాడు దీన్నంతా లాభమనుకుంటాడు. కానీ ఆ గేటు మీద అతను మూడు రోజులు స్వయంగా పనిచేశాడు. అదే మూడు రోజులు ఇంకొకరి దగ్గర మేస్త్రీగా చేసి ఉంటే రోజుకు 1,000 చొప్పున 3,000 వచ్చేవి. కాబట్టి అసలు లాభం 200. ఇంటి యజమాని చివర్లో ‘ఒక వెయ్యి తగ్గించుకో తమ్మీ’ అంటే ఆ వెయ్యిలో ఎనిమిది వందలు అతని కూలిలోంచే పోతాయి. బేరం ఆడకపోయినా, డబ్బు మూడు నెలలు ఆలస్యం చేశాడనుకుందాం. పెట్టుబడి పెట్టిన 8,800 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే మూడు నెలల వడ్డీ 792 రూపాయలు. లాభం పోగా కూలిలోంచి మరో 592 వడ్డీవ్యాపారికి చేరింది.

ఇలాంటి గేట్లు ఏడాదికి ముప్పై చేసినా ఆ కుర్రవాడి చేతిలో ఏమీ మిగలదు. అప్పుడతనిలో ఉత్సాహం చచ్చిపోతుంది. అలా చావడం అతని మనోబలానికి వచ్చిన జబ్బు కాదు. అతని మనసు లెక్క సరిగ్గా చేసిందనడానికి అదే రుజువు. అతనికి ఆ స్థితిలో విజయగాథలు వినిపించడం కన్నా ఈ లెక్క కాగితం మీద వేయడం నేర్పితే, ఏ పని ఒప్పుకోవాలో ఏది వద్దనాలో తెలుస్తుంది. వద్దనగలిగిన రోజున అతనికి తన పని మీద గౌరవం పెరుగుతుంది. నేను చూసినంతలో చిన్న వ్యాపారికి నిలిచే ప్రేరణ ఈ ఒక్క చోటి నుంచే పుడుతుంది. రోజువారీ చిట్టా రాయడం, తన కూలిని ఖర్చుల్లో కలపడం, పని మొదలుపెట్టకముందే బయానా అడగడం, కొలతలు, ధర, గడువు రాసి సంతకం తీసుకోవడం, ఈ నాలుగూ మా వాళ్లకు వెల్డింగ్ కన్నా కష్టమైన విద్యలు. చేయి తిరిగినవాడికి కూడా నోరు తిరగదు. ఎందుకు తిరగదో పైన చెప్పాను.

అయితే లెక్క నేర్చుకున్నంత మాత్రాన కులం పక్కకు తప్పుకోదు. ఇనుము దుకాణంలో నెల రోజుల అరువు తెలిసినవాళ్లకే ఇస్తారు. తెలిసినవాళ్లంటే ఊరివాళ్లు, బంధువులు, కులపువాళ్లు. ఆ అరువు దొరికినవాడు వడ్డీ లేని పెట్టుబడితో పని చేస్తాడు. దొరకనివాడు అదే గేటుకు నూటికి మూడు రూపాయలు కడతాడు. ఇద్దరి పనితనమూ ఒక్కటే, ఇద్దరి పట్టుదలా ఒక్కటే. షట్టరు అద్దెకు అడగడానికి వెళ్తే ముందు ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరులో తేలకపోతే ఊరు అడుగుతారు. ఊరిలో తేలకపోతే ఊళ్లో ఇల్లు ఎటువైపని అడుగుతారు. నాకు తెలిసిన ఒక కుటుంబం ఒక జిల్లా కేంద్రంలో కర్రీ పాయింట్ పెట్టి ఆరు నెలలు బాగానే నడిపింది. వాళ్లెవరో వీధిలో తెలిసిన తర్వాత రుచి మారలేదు, ధర మారలేదు, గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. ఆ ఇంటి ఇల్లాలికి ఏ నైపుణ్య శిక్షణ ఇచ్చి ఉంటే ఆ కొట్టు నిలిచేది? అందుకే మావాళ్ల దుకాణాల బోర్డుల మీద దేవుళ్ల పేర్లు, పిల్లల పేర్లు కనిపిస్తాయి, యజమాని పేరు కనిపించదు. తన పేరు పెట్టుకోలేని వ్యాపారికి పరపతి ఎలా పెరుగుతుంది? వ్యాపారమంటే పేరే కదా.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2015లో ముద్ర రుణాలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పివ్వాలన్నది దాని నియమంగా ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2014లో టీ–ప్రైడ్ పేరిట దళిత పారిశ్రామికులకు రాయితీలు ప్రకటించింది, 2021లో దళిత బంధు కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు తిరిగి కట్టనక్కరలేని సాయంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో కేంద్రం 18 చేతివృత్తులకు విశ్వకర్మ పథకం తెచ్చి, కొద్దిరోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం ఇస్తోంది.

వీటన్నిటిలో ఉన్న లోపం ఒకే తీరుది. ఇవి వ్యాపారం పెట్టే రోజును చూస్తాయి, నడిపే రోజులను చూడవు. యంత్రం కొనడానికి డబ్బిస్తాయి గాని, సరుకు ఇచ్చి బిల్లు రాక ఎదురుచూసే తొంభై రోజులకు ఇవ్వవు. దళిత బంధులో చాలామంది వాహనాల వైపు మొగ్గితే వాళ్లకు ఊహ లేదని వెక్కిరించినవాళ్లున్నారు. కారు అద్దెకు తిప్పితే ఆ రోజు డబ్బు ఆ రోజే వస్తుంది, ఎక్కేవాడు డ్రైవరు ఇంటిపేరు అడగడు. కులం గురించీ అరువు గురించీ బాగా తెలిసినవాళ్లు ఎంచుకున్న మార్గం అది. ఇక విశ్వకర్మ పథకం తాత చేసిన పనినే మనవడు మెరుగ్గా చేయడానికి సాయపడుతుంది. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే కొనసాగడానికి ఇస్తున్నంత తోడ్పాటు, అతను పింగాణీ కర్మాగారం పెట్టడానికి ఎందుకు ఇవ్వరాదు?

మరోవైపు, చట్టంలో ఉన్న అసలు ఆయుధాలు మావాళ్ల దగ్గరికి చేరనేలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుడి నుంచి సరుకు తీసుకున్నవాడు, రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. రాష్ట్రాల్లోని ఫెసిలిటేషన్ కౌన్సిళ్లలో ఫిర్యాదు చేయవచ్చు. ఇలా గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకునే వీలు కూడా 2024–25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి లేదు. ఈ రక్షణ పొందాలంటే సరుకు ఇవ్వకముందే ఉద్యం నమోదు ఉండాలి. ఆ నమోదుకు రుసుము లేదు. అలాగే కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి చేయాలన్న నియమం 2012 నుంచి ఉంది. కొనుగోళ్లు ఆ లక్ష్యానికి దూరంగానే ఉంటూ వచ్చాయి.

మరి ఫిర్యాదులు ఎందుకు చేయరు? ఒక్కడే చేస్తే మరుసటి పని రాదు గనుక. నాకు ఒక కాంట్రాక్టరు పదకొండు నెలలు బిల్లు ఆపాడు. చట్టం మాట ఎత్తితే ‘నువ్వు ఇక్కడ పని చేయాలనుకుంటున్నావా, కోర్టుల చుట్టూ తిరగాలనుకుంటున్నావా’ అని అడిగాడు. ఆ రోజుల్లోనే మా ప్రాంతంలోని ఫ్యాబ్రికేషన్ షాపుల వాళ్లం పద్నాలుగు మందిమి, అందులో మాదిగలం, మాలలం, విశ్వబ్రాహ్మణులం, ముస్లింలం, ఒక చోట కూర్చున్నాం. ఎవరి బిల్లు ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఆగిందో ఒక నోటుపుస్తకంలో రాశాం. ఆ కాంట్రాక్టరు పేరు ఐదుచోట్ల వచ్చింది. ఐదుగురం కలిసి వెళ్లాం. కౌన్సిల్ దాకా పోనక్కరలేకుండానే నాలుగు వాయిదాల్లో డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఇనుము కూడా కలిసి కొనడం మొదలుపెట్టాం. టోకున కొంటే కిలోకు రెండు మూడు రూపాయలు తగ్గింది, కొన్నాళ్లకు అరువూ పుట్టింది. పైకులాలకు బంధుత్వం ఇచ్చిన బలాన్ని మేం నోటుపుస్తకంతో కొంతైనా కట్టుకున్నాం. ఆ సంవత్సరం మాలో ఎవరూ ప్రేరణ తరగతికి వెళ్లలేదు. అయినా ఎవరి షాపూ మూతపడలేదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. అరువు, ఆలస్యం, వడ్డీ అన్ని కులాల చిన్న వ్యాపారులకూ ఉన్న కష్టాలే కదా అన్నది మొదటిది. ఉన్నాయి. అందుకే మా పద్నాలుగు మందిలో అందరూ దళితులు కారు. కాకపోతే కష్టం వచ్చినప్పుడు తట్టుకోవడానికి కొందరికి ఎకరం పొలం ఉంటుంది, బావమరిది ఉంటాడు, తెలిసిన బ్యాంకు మేనేజరు ఉంటాడు. ఇంకొందరికి రేషన్ కార్డు తప్ప మరేమీ ఉండదు. వాన అందరి మీదా ఒక్కలాగే కురుస్తుంది, ఇళ్ల కప్పులు ఒక్కలా ఉండవు.

రెండో అభ్యంతరం నా సాటి ఉద్యమకారుల నుంచి వస్తుంది. దళితులు వ్యాపారులైతే కులం పోతుందా, పెట్టుబడికి మరో ముసుగు దొరుకుతుంది తప్ప అంటారు. 2005లో దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ పుణెలో పుట్టినప్పటి నుంచీ ఈ వాదం నడుస్తోంది. పదిమంది కోటీశ్వరులు పుడితే వాడ మారిపోతుందని నేనూ నమ్మను. కానీ ప్రభుత్వ కొలువులు ఏటేటా కుంచించుకుపోతున్న కాలంలో, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేని దేశంలో, వాడ పిల్లలకు మిగిలింది కూలీ, చిన్న వ్యాపారమే. ఆ చిన్న వ్యాపారాన్ని భూమి లాగా, విద్య లాగా హక్కుల సమస్యగా చూడకపోతే అది సబ్సిడీ దళారుల చేతికి పోతుంది. ఇప్పటికే చాలామటుకు పోయింది. నలుగురికి పని నేర్పే షాపును పొగడనక్కరలేదు, అనుమానించనూ అక్కరలేదు. దాని బిల్లు సకాలంలో రావాలని పోరాడితే చాలు.

అందువల్ల విద్యార్థులకు, రాజకీయ కార్యకర్తలకు నా విన్నపం ఇది. మీ వాడలో ఉన్న టైలరు, వెల్డరు, మెకానిక్, కర్రీ పాయింట్ నడిపే అక్క దగ్గర వారానికి ఒక సాయంత్రం కూర్చుని వాళ్ల చిట్టా రాయండి. బీకాం చదివినవాడికి అది గంట పని, వాళ్లకు అది ఏడాది జీవితం. ఉద్యం నమోదు చేయించండి. రావలసిన బాకీల జాబితా తయారు చేయండి. ఆ జాబితాలు పట్టుకుని పదిమందిని ఒకచోట చేర్చండి. ఇక పార్టీలు తమ ప్రణాళికల్లో రాయవలసినవి కొత్త పథకాల పేర్లు కాదు. ప్రతి ప్రభుత్వ శాఖ ఏ ఎస్సీ, ఎస్టీ, బీసీ సంస్థ నుంచి ఎంత కొన్నదో, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లించిందో నెలనెలా ప్రకటించాలి. ప్రతి బ్యాంకు శాఖ ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన వ్యాపార రుణాలను బోర్డు మీద రాసిపెట్టాలి. ఇచ్చిన సరుకు బిల్లు మీద నిర్వహణ పెట్టుబడి అందించే ఏర్పాటు ఎస్సీ, బీసీ కార్పొరేషన్ల ద్వారా జరగాలి. నైపుణ్య శిక్షణ డబ్బును కొంతైనా తరగతి గదుల నుంచి మళ్లించి, నడుస్తున్న షాపుల్లో పని నేర్చుకునే పిల్లలకు స్టైపెండ్‌గా, నేర్పే యజమానికి వేతనంగా ఇవ్వాలి. ఆ శిక్షణలో వెల్డింగ్ ఎంత ముఖ్యమో ధర కట్టడం, ఒప్పందం రాయడం, బాకీ అడగడం అంతే ముఖ్యమైన పాఠాలు కావాలి.

మొన్నీమధ్య మా దగ్గర పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఒక స్కూలు గ్రిల్స్‌కు కొలతలు తీసుకుని, లెక్క వేసి, తన కూలి కూడా అందులో కలిపి, యాజమాన్యం ముందు ధర చెప్పాడు. తగ్గించమంటే ఏ వస్తువు తగ్గిస్తే ఎంత తగ్గుతుందో చూపించాడు తప్ప తల ఊపలేదు. సగం బయానా తీసుకుని వచ్చాడు. మేర కొలిచే కల్లం దగ్గర మౌనంగా నిలబడిన నాలుగు తరాల తర్వాత మా వాడలో వినిపించిన మాట అది. అది నేర్పే విద్య, ఆ మాటకు అండగా నిలిచే చట్టం, ఆ చట్టాన్ని అమలు చేయించే సంఘం, ఈ మూడూ ఉంటే ఉత్సాహం దానంతటదే నిలుస్తుంది.